పశువుల కాపరి ఇంట పుట్టిన ప్రభువంశం
(రజుమోవ్‌స్కీల చరిత్ర నుంచి కొన్ని పాఠాలు)

ప్రభువంశం అనగానే మనకు తోచే ఊహ ఒకటుంది. తాతముత్తాతల నాటి కోట, గోడలమీద పూర్వీకుల పటాలు, ఏ యుద్ధంలోనో ఏ రాజో ఇచ్చిన బిరుదు. ఐరోపాలో చాలా కులీన కుటుంబాలు తమ వంశవృక్షాన్ని అయిదారు వందల ఏళ్ల వెనక్కి తీసుకుపోయి చూపిస్తాయి. కాని ఏ వంశవృక్షమైనా వెనక్కి తవ్వుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట నాగలి పట్టినవాడో, పశువులు కాచినవాడో తగులుతాడు. చాలా వంశాలలో ఆ మనిషి కాలగర్భంలో కలిసిపోయాడు. ఒక్క వంశంలో మాత్రం ఆయన పేరు, ఊరు, అలవాట్లు కూడా చరిత్రకు తెలుసు. అదే ఉక్రెయిన్ కొసక్కుల నుంచి వచ్చిన రజుమోవ్‌స్కీ వంశం.

ఈ కుటుంబం ఒక్క తరంలో పూరిగుడిసె నుంచి రాజప్రాసాదానికి ఎక్కింది. రెండో తరంలో ఐరోపా సంగీత చరిత్రలో పేరు సంపాదించుకుంది. అయిదో తరానికి వచ్చేసరికి ఆ రక్తం పంచుకు పుట్టిన ఒక యువతి, జార్ చక్రవర్తిని చంపిన నేరానికి ఉరికంబమెక్కింది. కథగా చదువుకున్నా ఆసక్తికరమే. అయితే చరిత్ర విద్యార్థి కథ దగ్గర ఆగకూడదు. ఈ కుటుంబానికి ప్రభుత్వం ఏ వెల మీద వచ్చింది? ఆ వెల ఎవరు చెల్లించారు? ఈ రెండు ప్రశ్నలే ఈ వ్యాసానికి ఆధారం.

కొసక్కులు ఎవరు?

రష్యన్ నవలలు తెలుగులో చదువుకున్న మన పాఠకులకు కొసక్కులు కొత్తవాళ్లు కారు. గుర్రం, కత్తి, బొచ్చుటోపీ వెంటనే కళ్లముందు మెదులుతాయి. జార్ ప్రభుత్వం సమ్మెలమీదికి ఉసిగొల్పిన కొరడా సైనికులుగా కూడా వాళ్లు మనకు తెలుసు. కాని అది తర్వాతి కాలపు మాట. ‘కొసక్కు’ అన్నది తురుష్క భాషల నుంచి వచ్చిన పదం. స్వేచ్ఛగా తిరిగేవాడు, ఎవరి అదుపులోనూ లేనివాడు అని దాని భావం. పదిహేను, పదహారు శతాబ్దాలలో పోలండు, లిథువేనియా ప్రభువుల భూములలో వెట్టిచాకిరి భరించలేని రైతులు, అప్పులపాలైనవారు, సాహసికులు ద్నీపర్ నది దిగువ మైదానాలకు పారిపోయి జట్టుకట్టారు. నాయకుణ్ణి తామే ఎన్నుకునేవారు, నచ్చకపోతే తామే దింపేవారు. ఆ నాయకుడి పేరే ‘హెట్మన్’.

1648లో బొహ్దాన్ ఖ్మెల్నీత్స్కీ నాయకత్వాన కొసక్కులు పోలండు మీద తిరగబడ్డారు. దానితో ద్నీపర్ తీరాన కొసక్కు రాజ్యమొకటి ఏర్పడింది. ఒంటరిగా నిలబడలేక 1654లో పెరెయాస్లావ్ వద్ద మాస్కో జార్ రక్షణలోకి వెళ్లారు. మా హక్కులు మాకుంటాయి, మా హెట్మన్‌ను మేమే ఎన్నుకుంటాం అన్నది కొసక్కుల భావన. వీళ్లంతా మా ప్రజలే అన్నది మాస్కో భావన. ఒకే ఒప్పందాన్ని రెండు పక్షాలూ రెండు రకాలుగా చదువుకున్నాయి. తర్వాతి 110 ఏళ్ల చరిత్ర అంతా ఈ రెండు చదువుల మధ్య జరిగిన పెనుగులాట అనవచ్చు.

1708లో హెట్మన్ మజేపా స్వీడన్ రాజుతో చేతులు కలిపాడు. పీటర్ చక్రవర్తి సేనలు అతని రాజధాని బతూరిన్‌ను నేలమట్టం చేసి, ఊరివాళ్లను ఊచకోత కోశాయి. మరుసటి ఏడు, 1709లో, పోల్తావా యుద్ధంలో స్వీడన్ ఓడింది. ఆ 1709లోనే లెమెషీ అనే చిన్న పల్లెలో మన కథానాయకుడు పుట్టాడు.

లెమెషీ పల్లెలో ఒక ఇల్లు

కొజెలెత్స్ అనే చిన్న పట్టణానికి దగ్గరలో ఉంది లెమెషీ. అక్కడ హ్రిహోరీ రోజుం అనే మామూలు కొసక్కు కాపురం. ‘రోజుం’ అంటే బుద్ధి, వివేకం. తాగినప్పుడల్లా తన తలకాయ ఎంత గొప్పదో, తన బుద్ధి ఎంత గొప్పదో అని ఆయన ఊరంతా చాటుకునేవాడట. ఊరివాళ్లు ఆ మాటనే ఇంటిపేరుగా ఖాయం చేశారని చెబుతారు. అంటే, తర్వాత చక్రవర్తుల పట్టాలకెక్కిన వంశనామం, ఒక తాగుబోతుకు ఇరుగుపొరుగులు వేళాకోళంగా పెట్టిన పేరన్నమాట!

ఆయన కొడుకు అలెక్సీ ఊరి పశువులను కాసేవాడు. గొంతు మంచిది, చదువుకోవాలన్న కోరిక బలమైనది. తండ్రికి ఈ రెండూ గిట్టలేదు. దెబ్బలు తట్టుకోలేక కుర్రవాడు చెమెర్ అనే పక్క పల్లెకు పారిపోయి, అక్కడి చర్చి పరిచారకుడి దగ్గర నాలుగక్షరాలు, కీర్తనలు నేర్చుకున్నాడు. 1731లో రాజాస్థానం అధికారి, కర్నల్ విష్నేవ్‌స్కీ, హంగరీ నుంచి తిరిగివస్తూ ఆ పల్లెలో ఆగాడు. చర్చిలో అలెక్సీ పాట విన్నాడు. రాజధానిలో ఆస్థాన గాయక బృందానికి మంచి గొంతులు కావాలి, ఉక్రెయిన్ అలాంటి గొంతులకు పెట్టింది పేరు. అలెక్సీని వెంటబెట్టుకుపోయాడు.

ఇక్కడ ఒక మాట. అలెక్సీలాంటి గొంతున్న కుర్రాళ్లు ఆ ప్రాంతంలో ఎందరో ఉండి ఉంటారు. కర్నల్ వేరే దారిన పోయి ఉంటే ఈ వంశమే లేదు. ‘ఉన్నత వంశం’ అన్న మాటకు పునాది ఎంత బలమైనదో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

పాట తెచ్చిన పదవి

ఆస్థానంలో పీటర్ చక్రవర్తి కూతురు, యువరాణి ఎలిజబెత్, ఈ అందగాడిని చూసింది, పాట విన్నది. తన పరివారంలోకి తీసుకున్నది. కొన్నాళ్లకు గొంతు పోయినా అలెక్సీ ఆమె కొలువులో బందూరా వాయిస్తూ, ఎస్టేట్ల లెక్కలు చూస్తూ ఉండిపోయాడు. 1741లో సైనికుల అండతో ఎలిజబెత్ సింహాసనమెక్కింది. ఆ క్షణం నుంచి అలెక్సీ రష్యా సామ్రాజ్యంలో అత్యంత ప్రముఖుల్లో ఒకడు. 1742లో మాస్కో దగ్గరి పెరోవో గ్రామంలో వారిద్దరూ రహస్యంగా పెళ్లిచేసుకున్నారన్న ప్రతీతి ఉంది. 1744లో ఆయన కౌంట్ అయ్యాడు. ఇంటిపేరు రోజుం కాస్తా రజుమోవ్‌స్కీ అయింది. 1756లో ఫీల్డ్‌మార్షల్ బిరుదు కూడా వచ్చింది, ఒక్క యుద్ధంలో సేనను నడిపిన పాపాన పోకుండానే.

కౌంట్ పట్టాలో ఆయన వంశాన్ని పురాతన పోలిష్ కులీనులకు ముడిపెట్టారు. అది చదివి అలెక్సీ తానే నవ్వుకున్నాడంటారు. ఆయన స్వభావం అలాంటిది. తాను ఎక్కడినుంచి వచ్చాడో దాచుకోలేదు. తల్లి నతాలియాను ఆస్థానానికి పిలిపించినప్పటి కథ ఒకటి ప్రచారంలో ఉంది. ఆ పల్లెటూరి ముసలమ్మకు దర్బారు దుస్తులు తొడిగి, తలకు పౌడరు అద్ది, పెద్ద అద్దమున్న గదిలోకి తీసుకువెళ్లారట. అద్దంలో తన రూపాన్నే చూసి, మహారాణి ఎదురొచ్చిందనుకొని ఆమె మోకాళ్లమీద వాలిపోయిందట. నిజమో కాదోగాని, ఆవిడ దర్బారులో నిలవలేక పల్లెకే తిరిగి వెళ్లిపోయిందన్నది వాస్తవం. 1752-63 మధ్య కొజెలెత్స్‌లో ఈ కుటుంబం కట్టించిన పెద్ద చర్చి నేటికీ నిలిచి ఉంది.

ఎలిజబెత్ 1744లో ఉక్రెయిన్ పర్యటించింది. 1734లో హెట్మన్ దనీలో అపోస్తోల్ చనిపోయిన తర్వాత రష్యా ప్రభుత్వం కొత్త హెట్మన్‌ను ఎన్నుకోనివ్వలేదు. కొసక్కు పెద్దలు ఆమెను కలుసుకొని, మాకు మళ్లీ హెట్మన్‌ను ఇప్పించండని వేడుకొన్నారు. ఆమె మనసు మెత్తబడింది. కాని ఆ పదవికి మనిషి కావాలి కదా! అలెక్సీకి 1728లో పుట్టిన తమ్ముడొకడున్నాడు, పేరు కిరీల్. వయసు పదహారు.

పద్దెనిమిదేళ్ల అధ్యక్షుడు

కిరీల్ కూడా పశువులు కాసిన కుర్రవాడే. అన్న దశ తిరగగానే రాజధానికి రప్పించారు. 1743లో గ్రిగోరీ తెప్లోవ్ అనే పండితుడి సంరక్షణలో జర్మనీకి పంపించారు. బెర్లిన్‌లో గణితశాస్త్రజ్ఞుడు ఆయిలర్ దగ్గర పాఠాలు, గోటింగెన్‌లోనూ మరికొన్ని చోట్లా చదువు. 1745లో తిరిగివచ్చాడు. 1746లో సెయింట్ పీటర్స్‌బర్గ్ సైన్స్ అకాడమీకి అధ్యక్షుడయ్యాడు. అప్పటికి ఆయనకు 18 ఏళ్లు! మనలో చాలామంది ఆ వయసుకి డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉంటాం.

అధ్యక్షుడన్న మాటే గాని పెత్తనమంతా తెప్లోవ్ వంటి వారిదే. అయినా ఆ కాలంలో అకాడమీలో కొంత మంచి పని జరిగిందనే చెప్పాలి. 1747లో కొత్త నిబంధనావళి వచ్చింది. 1748లో లొమొనోసోవ్ రసాయన ప్రయోగశాల వెలిసింది. ఈ లొమొనోసోవ్ చేపలు పట్టేవాడి కొడుకు. ఉత్తర సముద్రపు ఒడ్డునుంచి చదువుకోసం మాస్కోకు నడిచి వచ్చినవాడు. ఒకే భవనంలో ఇద్దరు పేదింటి బిడ్డలు. ఒకరిని చదువు పైకి తెచ్చింది, మరొకరిని అన్నగారి అదృష్టం పైకి తెచ్చింది. అధ్యక్షపీఠం మాత్రం రెండోవారిది. ఈ సంగతి ఆ కాలానికే పరిమితమని అనుకోగలమా?

ఆఖరి హెట్మన్

1750 ఫిబ్రవరిలో కొసక్కుల రాజధాని హ్లూఖివ్‌లో హెట్మన్ ఎన్నిక జరిగింది. జెండాలు, ఫిరంగులు, పూజలు అన్నీ ఉన్నాయి. ఎన్నిక కావలసిన మనిషి మాత్రం లేడు. కిరీల్ అప్పుడు పీటర్స్‌బర్గ్‌లో ఉన్నాడు. పోటీ లేదు. ఒకనాడు మైదానంలో టోపీలు ఎగరేసి నాయకుణ్ణి ఎన్నుకున్న జాతి, ఇప్పుడు మహారాణి చెప్పిన పేరుకు ముక్తకంఠంతో జై కొట్టింది. ఎన్నిక అన్న లాంఛనం మిగిలింది, ఎన్నుకునే హక్కు పోయింది.

అయితే కిరీల్‌ను పూర్తిగా కీలుబొమ్మ అని కొట్టిపారేయడం న్యాయం కాదు. ఆయన పాలనలో మూడు పనులు చెప్పుకోదగ్గవి. మొదటిది, 1760-63 మధ్య న్యాయస్థానాల సంస్కరణ. కొసక్కు సేనాధికారుల చేతుల్లో ఉన్న న్యాయవిచారణను విడదీసి, భూమి తగాదాలకు, నేరాలకు వేర్వేరు కోర్టులు ఏర్పాటు చేశారు. రెండోది, మజేపా కాలంలో బూడిదైన బతూరిన్‌ను మళ్లీ రాజధానిగా నిలబెట్టే ప్రయత్నం. మూడోది మన విద్యార్థులు ప్రత్యేకంగా గుర్తుంచుకోదగ్గది. 1760లో బతూరిన్‌లో ఒక విశ్వవిద్యాలయం స్థాపించడానికి ప్రణాళిక తయారైంది. మాస్కో విశ్వవిద్యాలయం పుట్టి అప్పటికి అయిదేళ్లే. ఆ ప్రణాళిక కాగితం మీదే ఉండిపోయింది. రష్యా సామ్రాజ్యం కింది ఉక్రెయిన్ భూమిలో విశ్వవిద్యాలయం అన్న పేరుగల సంస్థ 1805లో, ఖార్కివ్‌లో, వెలిసింది. అంటే నలభై అయిదేళ్లు ఆలస్యం. ఒక తరం యువకులు చదువుకు దూరప్రాంతాలకు పోయారు, పోగలిగినవారు మాత్రమే పోయారు.

నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. అదే 1760లో హెట్మన్ ఒక ఉత్తర్వు జారీచేశాడు. రైతు ఒక ప్రభువు భూమిని వదలి మరోచోటికి పోదలచుకుంటే, తాను అక్కడ సంపాదించుకున్నదంతా ఆ ప్రభువుకే వదిలివేయాలి. పైగా ఆయన దగ్గర రాతపూర్వకంగా సెలవు పుచ్చుకోవాలి. పేరుకు పోయే హక్కు ఉంది, కాళ్లకు మాత్రం సంకెల పడింది. ప్రభువుల నుంచి పారిపోయిన రైతుల సంతతే కొసక్కులు. ఆ కొసక్కుల నాయకుడే, అందులోనూ ఒకప్పటి పశువుల కాపరి, రైతు పారిపోకుండా దారి కట్టాడు. ఈ వంశ చరిత్రలో నా దృష్టిలో అన్నిటికంటే విచారకరమైన ఘట్టం ఇదే.

1762లో కాథరీన్ భర్తను కూలదోసి సింహాసనం ఎక్కింది. అందులో కిరీల్ సాయం తక్కువ కాదు. ఆయన నాయకత్వంలోని ఇజ్మాయిలోవ్‌స్కీ రెజిమెంటే అందరికంటే ముందు ఆమెకు విధేయత ప్రకటించింది. ఆ చనువుతో కాబోలు, 1763లో హ్లూఖివ్‌లో కొసక్కు పెద్దలు సమావేశమై, హెట్మన్ పదవిని రజుమోవ్‌స్కీ కుటుంబానికి వంశపారంపర్యం చేయమని కోరుతూ ఒక వినతిపత్రం తయారుచేశారు. కాథరీన్‌కు ఇదే సాకు దొరికింది. ఉక్రెయిన్ పాలనలో అవకతవకలను ఏకరువు పెడుతూ ఆమె ముందు ఒక నివేదిక చేరింది. రాసింది ఎవరో కాదు, కిరీల్‌కు చదువు చెప్పించి, ఆయన పక్కనే ఏళ్లతరబడి మసలిన తెప్లోవే!

1764 నవంబరులో కిరీల్ చేత రాజీనామా చేయించారు. హెట్మన్ పదవి శాశ్వతంగా రద్దయింది. ప్రతిఫలంగా ఆయనకు ఫీల్డ్‌మార్షల్ బిరుదు, భారీ పింఛను, హాద్యచ్ పరిసరాల్లో విస్తారమైన భూములు ముట్టాయి. కొసక్కు రాజ్యం పోయింది, కొసక్కు ప్రభువు మిగిలాడు.

అసలు బేరం

ఇది ఒక్క కుటుంబం కథే అయితే ఇంతగా చెప్పుకోనక్కరలేదు. ఆ రోజుల్లో కొసక్కు పెద్దల వర్గమంతా ఇలాంటి బేరంలోనే పడింది. వరస చూడండి. 1764లో హెట్మన్ పదవి పోయింది. 1775లో ద్నీపర్ దిగువనున్న జపరోజియా కొసక్కుల కోటను కాథరీన్ సేనలు ధ్వంసం చేశాయి. 1780 ప్రాంతాల పాత కొసక్కు రెజిమెంట్లు, జిల్లాలు రద్దయి రష్యన్ పద్ధతి పరగణాలు వచ్చాయి. 1783లో రైతు ఉన్నచోటునుంచి కదలడం నిషిద్ధమైంది, అంటే పూర్తి దాస్యం స్థిరపడింది. 1785లో ప్రభువర్గానికి కాథరీన్ హక్కుల పత్రం ఇచ్చింది. కొసక్కు అధికారులు కూడా ఆ హక్కులకు అర్హులయ్యారు.

పోగొట్టుకున్నది దేశపు స్వపరిపాలన. దొరికింది ప్రభువర్గపు హోదా, దాసులమీద అధికారం. కొందరు పెద్దలు గట్టిగా నిరసించారు. కాని ఎక్కువమందికి బేరం గిట్టుబాటుగానే తోచింది. ఇక హోదాకు రుజువులు కావాలి కదా! తాతలు పోలిష్ కులీనులని చెప్పే పత్రాలకు ఉన్నట్టుండి గిరాకీ పెరిగింది. దొంగ వంశవృక్షాలు పుట్టుకొచ్చాయి. రాజధానిలో వంశాల దస్తావేజులు పరిశీలించే కార్యాలయానికి ఈ కాగితాలు పెద్ద తలనొప్పి అయ్యాయి. రజుమోవ్‌స్కీలు ఈ దారిలో ముందు నడిచినవారు. బెజ్‌బొరోద్కో, కొచుబేయ్, స్కొరోపాద్‌స్కీ వంటి కొసక్కు మూలంగల కుటుంబాలు కూడా సామ్రాజ్యంలో ఉన్నత పదవులు అందుకున్నాయి. మూడో కుటుంబంలోని పావ్లో స్కొరోపాద్‌స్కీ, విప్లవ సంక్షోభంలో, 1918లో జర్మన్ సేనల అండతో ఏడెనిమిది నెలలు ఉక్రెయిన్‌కు హెట్మన్‌గా ఉన్నాడు. ఆ పేరుకున్న ఆకర్షణ అంత తేలిగ్గా పోలేదు.

కిరీల్ చివరి రోజులు బతూరిన్‌లో గడిపాడు. వాస్తుశిల్పి చార్లెస్ కామెరాన్ చేత నదీతీరాన ఒక భవ్యమైన ప్రాసాదం కట్టించుకున్నాడు. 1803లో అక్కడే కన్నుమూశాడు. తన చిన్ననాటి పశుల కాపరి బట్టలను ఆయన ఒక బీరువాలో భద్రపరిచి, గర్వపడే కొడుకులకు చూపించేవాడని చెబుతారు. ఒకసారి కొడుకు ఆంద్రేయ్‌కు ఆ బట్టలు చూపి బుద్ధి చెప్పబోతే, మీరు మామూలు కొసక్కు కొడుకు, నేను ఫీల్డ్‌మార్షల్ కొడుకునని అతను బదులిచ్చాడట. ఒక తరం తేడాలో మనిషి ఆలోచన ఎంత మారిపోతుందో ఈ చిన్న కథ చెబుతుంది.

కొడుకులు: సంగీతం, విద్య

ఆ బదులు చెప్పిన ఆంద్రేయ్ (1752-1836) రాయబారిగా ఐరోపా అంతా తిరిగి, చివరకు వియన్నాలో స్థిరపడ్డాడు. సంగీతం ఆ ఇంటి రక్తంలోనే ఉంది కాబోలు, ఆయన వయొలిన్ బాగా వాయించేవాడు. బీథోవెన్ చేత మూడు తంత్రీవాద్య చతుష్టయాలు రాయించాడు. 1806లో రచించిన ఆ మూడింటినీ నేటికీ ‘రజుమోవ్‌స్కీ క్వార్టెట్లు’ అనే పిలుస్తారు. మొదటి రెండింటిలో రష్యన్ జానపద బాణీలు వినిపిస్తాయి. బీథోవెన్ అయిదో, ఆరో సింఫనీలు అంకితం పొందిన ఇద్దరిలో ఈయన ఒకడు. 1808 నుంచి కొన్నేళ్లపాటు నలుగురు విద్వాంసుల బృందాన్ని తన ఇంట పోషించాడు. పల్లె చర్చిలో ఒక కుర్రవాడు పాడిన పాట ఈ ఇంటిని నిలబెట్టింది, మూడు తరాలు తిరగకుండానే ఆ ఇల్లు బీథోవెన్‌ను ఆదరించింది. ఈ వంశం లోకానికి ఇచ్చిన వాటిలో కల్మషం లేనిది ఏదైనా ఉంటే అది ఇదే. అయితే ఆ సంగీతానికి అయిన ఖర్చు ఎక్కడో ఉక్రెయిన్, రష్యా పొలాల్లో దాసుల చెమట నుంచి వచ్చిందన్న సంగతి కూడా మరువరాదు. 1814 డిసెంబరు 31 రాత్రి, వియన్నా మహాసభ రోజుల్లో, ఆయన ప్రాసాదం అగ్నికి ఆహుతైంది. మరుసటి ఏడు ప్రిన్స్ బిరుదు వచ్చినా, పోయిన వైభవం మళ్లీ రాలేదు.

పెద్దకొడుకు అలెక్సీ కిరీలోవిచ్ (1748-1822) వృక్షశాస్త్రప్రియుడు. మాస్కో దగ్గర గోరెన్కీలో ఆయన పెంచిన ఉద్యానం ఆ రోజుల్లో ఐరోపా పండితుల నోట నానింది. 1810 నుంచి 1816 వరకు రష్యా విద్యామంత్రి. ఆయన హయాంలోనే 1811లో త్సార్‌స్కోయే సెలో విద్యాలయం తెరుచుకుంది. దాని మొదటి జట్టు విద్యార్థుల్లో పన్నెండేళ్ల పుష్కిన్ ఒకడు. మరో కొడుకు గ్రిగోరీ భూగర్భశాస్త్రజ్ఞుడై విదేశాల్లో స్థిరపడ్డాడు. ఆస్ట్రియాలో ఈ ఇంటిపేరు నిలిచింది ఆ శాఖ వల్లనే.

వంశవృక్షానికి బయటి కొమ్మ

అలెక్సీ కిరీలోవిచ్‌కు వివాహేతర సంబంధం వల్ల కలిగిన సంతానం ఉంది. చట్టం వారికి తండ్రి పేరు ఇవ్వలేదు. పెరోవో ఎస్టేటు పేరుమీద వారిని ‘పెరోవ్‌స్కీ’లన్నారు. ఎలిజబెత్ రహస్య వివాహం జరిగిందంటారే, ఆ పెరోవోయే. బిరుదులు, ఇంటిపేరు దక్కకపోయినా, ప్రతిభలో ఈ కొమ్మే ఎక్కువ ఫలించింది. ఒక కొడుకు ‘పొగొరేల్‌స్కీ’ అన్న కలంపేరుతో రష్యన్ పిల్లల సాహిత్యంలో ప్రసిద్ధమైన నల్లకోడి కథ రాశాడు. ఆయన చెల్లెలి కొడుకే కవి, నాటకకర్త అలెక్సీ తోల్‌స్తోయ్ (1817-75). ఇంకో కొడుకు దేశీయాంగ మంత్రి అయ్యాడు. మరొకడు ఒరెన్‌బుర్గ్ గవర్నర్‌గా 1839లో ఖీవా మీదికి దండెత్తి, మంచుతుపాన్లలో చిక్కి వెనుదిరిగాడు.

ఈ పెరోవ్‌స్కీలలోనే నికొలాయ్ అనే ఆయన మనవరాలు సోఫియా పెరోవ్‌స్కయా. 1853లో పుట్టింది. ఆఖరి హెట్మన్ కిరీల్‌కు వరస చూస్తే మునిమనవడి కూతురు. తండ్రి సెయింట్ పీటర్స్‌బర్గ్ గవర్నర్‌గా పనిచేసినవాడు, ఇంట్లో కఠినుడు. ఆమె ఆడపిల్లల కోసం పెట్టిన తరగతుల్లో చదువుకుంటూ, యువకుల అధ్యయన బృందాలతో కలిసింది. తండ్రి అభ్యంతరం చెబితే ఇల్లు వదిలేసింది. పల్లెలకు వెళ్లి టీకాలు వేసింది, పాఠాలు చెప్పింది. అరెస్టులు, విచారణలు అయ్యాక ‘ప్రజా సంకల్పం’ అనే రహస్య సంఘంలో చేరింది. 1881 మార్చి 1న (పాత కాలమానం) రెండో అలెగ్జాండర్ చక్రవర్తి బగ్గీ వెళ్లే దారి కనిపెట్టి, చేతిరుమాలు ఊపి బాంబులు విసిరేవారికి సైగచేసింది ఆమే. ఏప్రిల్ 3న అయిదుగురిని ఒకే వేదికమీద ఉరితీశారు. రాజకీయ నేరానికి రష్యాలో ఉరిశిక్ష పడి అమలైన మొదటి స్త్రీ ఆమె.

ఆ అయిదుగురిలో మరిద్దరిని గమనించాలి. ఒకడు జెల్యాబోవ్, దాసుల ఇంట పుట్టినవాడు. ఇంకొకడు కిబాల్‌చిచ్, బతూరిన్ ఉన్న చెర్నీహివ్ ప్రాంతంవాడే, ఉరికి ముందు జైలు గదిలో కూర్చుని రాకెట్ శక్తితో ఎగిరే యంత్రానికి నమూనా గీసినవాడు. రైతు కాళ్లకు 1760లో సంకెల తగిలించిన హెట్మన్ వంశపు పిల్ల, ఆ సంకెలల మధ్య పుట్టిన దాసుడి బిడ్డ, పక్కపక్కన నిలబడి ఒకే శిక్ష అనుభవించారు. ఏ నవలాకారుడైనా కల్పిస్తే అతిశయోక్తి అనేవాళ్లం.

వారి మార్గాన్ని మెచ్చుకోవాలని నేననడం లేదు. 1861లో దాసులకు విముక్తి ప్రకటించినది ఆ చక్రవర్తే. చనిపోయిన రోజు ఉదయమే ఆయన కొన్ని పరిమిత సంస్కరణల ప్రతిపాదనకు ఆమోదం తెలిపాడు. హత్యతో అది బుట్టదాఖలై, తర్వాతివాడి పాలనలో నిర్బంధం మరింత పెరిగింది. బాంబు ఒక మనిషిని చంపగలిగింది, వ్యవస్థను కదపలేకపోయింది. కాని పాతికేళ్లు నిండిన ఒక ప్రభుకన్య సుఖాలన్నీ కాలదన్ని ఆ దారి ఎందుకు పట్టింది అన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంటుంది. దానికి జవాబు ఆమె స్వభావంలో సగమే దొరుకుతుంది. మిగతా సగం ఆమె పుట్టిన వర్గం నూరేళ్లుగా పెంచుకుంటూ వచ్చిన బాకీలో ఉంది.

ముగింపు

బతూరిన్‌లో కిరీల్ కట్టించిన ప్రాసాదం చాలాకాలం పాడుబడి, స్వతంత్ర ఉక్రెయిన్‌లో పునరుద్ధరణ పొంది 2009లో ప్రజలకు తెరుచుకుంది. ఆ ఊరికి రావలసిన విశ్వవిద్యాలయం మాత్రం రానేలేదు. ఒక పాలకుడు తనకోసం కట్టుకున్నది నిలిచింది, జనంకోసం తలపెట్టినది కాగితాల్లో పోయింది.

ఈ వంశం నుంచి మనం నేర్చుకోవలసింది ఏమిటి? కింది నుంచి పైకి వచ్చినవాడు కిందివారిని మరచిపోడని మనం సాధారణంగా నమ్ముతాం. అలెక్సీ, కిరీల్ ఇద్దరూ మంచివాళ్లే, తమ మూలాన్ని దాచుకోలేదు, నవ్వుతూ చెప్పుకున్నారు కూడా. అయినా 1760 నాటి ఉత్తర్వు మీద సంతకం పెట్టడానికి ఆ మంచితనం అడ్డురాలేదు. పాత బట్టలను బీరువాలో దాచుకోవడం వేరు, ఆ బట్టలు ఇంకా కట్టుకుని తిరుగుతున్న మనిషిని గుర్తుంచుకోవడం వేరు. నేడు మన కళాశాలల్లో మొదటి తరం చదువరులు ఎందరో ఉన్నారు. రేపు వారిలో కొందరు కుర్చీలెక్కుతారు, ఉత్తర్వులమీద సంతకాలు పెడతారు. అప్పుడు కాగితం మీద కలం ఆనించే ముందు, లెమెషీ పల్లెలోని ఆ పశువుల కాపరిని ఒక్కసారి తలచుకుంటే ఈ చరిత్ర చదివినందుకు ఫలితం దక్కినట్టే.